ఇల్లు మారేముందే దుబాసీకి సెలవు

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల పాత తెలుగు కుటుంబాలకు రెండు భాషలతో బతకడం కొత్త కాదు. పదహారో శతాబ్దంలో మదురైలో నాయకరాజుల పాలన మొదలైన నాటి నుంచీ అంతే. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. రెండూ వచ్చిన మనిషి ఇంట్లో ఒక్కడున్నా పనులు సాఫీగా సాగుతాయి. కంప్యూటర్లలోనూ అలాంటి దుబాసీ ఒకడున్నాడు. అతణ్ణి ఎప్పుడు పంపించాలో తెలియక చాలామంది ఇబ్బంది పడుతున్నారు.

ముందు అసలు విషయం. ఒక పెద్ద సర్వర్‌ను అనేక కంప్యూటర్లుగా పంచి వాడుకోవచ్చు. ఇలా పంచే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ (ఆతిథ్యమిచ్చే పొర) అంటారు. దాని మీద నడిచే ఒక్కొక్క కంప్యూటర్ వర్చువల్ మెషీన్ (నిజం యంత్రంలా పనిచేసే సాఫ్ట్‌వేర్ యంత్రం). అందులోని విండోస్ లేదా లినక్స్‌ను గెస్ట్, అంటే అతిథి అంటారు. తాను అతిథినన్న సంగతి ఆ విండోస్‌కు పట్టదు. సొంత డిస్కు, సొంత నెట్‌వర్క్ కార్డు ఉన్నాయనుకుంటుంది.

హైపర్‌వైజర్‌కూ గెస్ట్‌కూ మధ్య మాట కలిపేందుకు గెస్ట్ లోపల ఒక సహాయక సాఫ్ట్‌వేర్ వేస్తారు. మన దుబాసీ ఇతడే. వీఎంవేర్ సంస్థ హైపర్‌వైజర్‌లో దాని పేరు వీఎంవేర్ టూల్స్. అందులో డ్రైవర్లు (పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములు) ఉంటాయి. వీఎంఎక్స్‌నెట్3 అనే డ్రైవర్ నెట్‌వర్క్‌ను నడుపుతుంది. బెలూన్ డ్రైవర్ పని ఇంకా ఆసక్తికరం. సర్వర్‌లో మెమరీ కరువైతే అది గెస్ట్ లోపల బెలూన్‌లా ఉబ్బి మెమరీని పట్టుకుంటుంది. గెస్ట్ తనకు అంతగా అవసరం లేనిదాన్ని డిస్కుకు పంపుతుంది. అలా మిగిలిన మెమరీని సర్వర్ వేరే గెస్ట్‌లకు ఇస్తుంది. హైపర్‌వైజర్ నుంచి గెస్ట్‌ను పద్ధతిగా ఆపడం కూడా ఈ టూల్స్ ద్వారానే జరుగుతుంది. కాబట్టి వీఎంవేర్ మీదే ఉండేవారు వీటిని తీయకూడదు.

మరి తీయాల్సిన అవసరం ఇప్పుడెందుకు? 2023 నవంబరు 22న బ్రాడ్‌కామ్ సంస్థ వీఎంవేర్‌ను కొనడం పూర్తయింది. ఆ డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి, చందా పద్ధతి తెచ్చింది. దాంతో చాలా సంస్థలు ప్రాక్స్‌మాక్స్, హైపర్-వీ వంటి వేరే హైపర్‌వైజర్ల వైపు చూస్తున్నాయి. 1910లో లక్ష్మీ మిల్స్ పుట్టిన కోయంబత్తూరు వంటి మిల్లులు, పంపుసెట్లు, ఫౌండ్రీల ఊళ్ళో పాత లెక్కల సాఫ్ట్‌వేర్‌ను వదులుకోవడం సులువు కాదు. అందుకే గెస్ట్‌ను ఉన్నదున్నట్టు కొత్త సర్వర్‌కు తరలించాల్సి వస్తుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. తరలించాక తీద్దాంలే అనుకుంటే విండోస్‌లో వీఎంవేర్ టూల్స్ తొలగింపు తరచు మొండికేస్తుంది. ఇది వీఎంవేర్ యంత్రం కాదంటూ మధ్యలోనే ఆగిపోతుంది. పాత ఇంట్లో ఉండగానే తీయాలనడానికి కారణం ఇదే.

కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో 1893లో పుట్టిన ఆవిష్కర్త జి.డి. నాయుడు తొలిరోజుల్లో ఒక మోటారు సైకిల్ కొని, విప్పి, మళ్ళీ బిగించి దాని పని నేర్చుకున్నారని చెబుతారు. విప్పే ముందు ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకోవడం ఇక్కడా ముఖ్యమే.

మొదట పూర్తి బ్యాకప్ తీసుకోండి. గెస్ట్ నెట్‌వర్క్ చిరునామా, గేట్‌వే, డీఎన్ఎస్ వివరాలు కాగితం మీద రాసుకోండి. టూల్స్‌తో పాటు నెట్‌వర్క్ డ్రైవర్ కూడా పోవచ్చు. అప్పుడు దూరం నుంచి పెట్టుకున్న కనెక్షన్ తెగిపోతుంది. అందుకని హైపర్‌వైజర్ కన్సోల్ నుంచే పని చేయండి. విండోస్‌లో ప్రోగ్రాముల జాబితా నుంచి టూల్స్ తొలగించి, రీస్టార్ట్ చేసి, ఆ తర్వాతే తరలించండి. కొత్త చోటు ప్రాక్స్‌మాక్స్ అయితే మొదటిసారి డిస్కును సాటా (డిస్కును కలిపే మామూలు పద్ధతి) ద్వారా పెడితే మంచిది. దానికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. లేకపోతే డిస్కు కనబడక నీలిరంగు తెర రావచ్చు.

తరలించాక చిన్న చిక్కు ఒకటుంది. కొత్త కార్డుకు పాత చిరునామా ఇస్తే, అది మరో కార్డుకు ఇప్పటికే ఉందని విండోస్ హెచ్చరిస్తుంది. డివైస్ మేనేజర్‌లో దాగిన పరికరాలను చూపమంటే పాత వీఎంఎక్స్‌నెట్3 కార్డు వెలిసిపోయిన గుర్తుతో కనిపిస్తుంది. దాన్ని తీసేస్తే చిరునామా విడుదలవుతుంది.

లినక్స్‌లో పని తేలిక. డ్రైవర్లు కెర్నల్‌లోనే (వ్యవస్థ మూలభాగంలోనే) ఉంటాయి. ఓపెన్-వీఎం-టూల్స్ ప్యాకేజీని మామూలుగానే తీసేయొచ్చు, తరలించాక తీసినా ఇబ్బంది లేదు. కానీ నెట్‌వర్క్ కార్డు పేరు మారవచ్చు. వీఎంవేర్‌లో ఈఎన్ఎస్192 అన్నది ప్రాక్స్‌మాక్స్‌లో ఈఎన్ఎస్18 కావచ్చు. సెట్టింగుల ఫైలులో ఆ పేరు సరిచేయాలి.

చివరగా కొత్త ఇంటి దుబాసీని పెట్టుకోవాలి. ప్రాక్స్‌మాక్స్‌కైతే విర్ట్‌ఐఓ డ్రైవర్లు, క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్. క్రమం గుర్తుంచుకోండి: బ్యాకప్, వివరాల నమోదు, తొలగింపు, తరలింపు, కొత్త డ్రైవర్లు. కొత్త సర్వర్‌లో వారం రోజులు పని సరిగా సాగేదాకా పాత యంత్రాన్ని చెరిపేయకండి.