తెర పడని పల్నాటి యుద్ధం!

జలపాతం కనిపిస్తే చాలు, అక్కడో డ్యూయెట్ పడాల్సిందే అంటారా? అయితే ఎత్తిపోతల చూసి తీరాలి! నాగార్జునసాగర్‌కు 11 కిలోమీటర్ల దూరంలో చంద్రవంక వాగు డెబ్భై అడుగుల ఎత్తునుంచి ఉరుకుతుంది. కింద మడుగులో మొసళ్ళున్నాయి సుమండీ, హీరోయిన్ కాలు జారే సీను మాత్రం వద్దు! పక్కనే దత్తాత్రేయస్వామి, మధుమతీదేవి కొలువై ఉన్నారు. లంబాడీలు వీరిని ఎంతో భక్తితో కొలుస్తారు.

ఇక్కడ ఫొటో దిగి బస్సెక్కేస్తే మీరు చూసింది టైటిల్స్ మాత్రమే. అసలు కథ పల్నాడులో ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటుంది.

ఐదు రోజుల ఆట

'పల్నాటి యుద్ధం' మన తెరమీదికి రెండుసార్లు వచ్చింది. 1947లో గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ, అక్కినేని బాలచంద్రుడు. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టిన ఆ చిత్రాన్ని, ఆయన కన్నుమూశాక ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. 1966లో ఎన్.టి.ఆర్. బ్రహ్మనాయుడైతే, భానుమతి నాగమ్మ.

ఆ రెండూ మూడు గంటల్లో అయిపోయాయి. కారెంపూడిలో మాత్రం ఏటా కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు జరుగుతుంది. నాగులేటి ఒడ్డున వీరుల గుడి దగ్గర ఆనాటి వీరుల ఆయుధాలకు పూజలు చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు... రోజుకో ఘట్టం! కథ ప్రకారం కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్ళు అడవులపాలైన తర్వాతే అలరాజు రాయబారానికి వెళ్ళి విషానికి బలయ్యాడు. ఉత్సవంలో రాయబారం రెండో నాడు, కోడిపోరు నాలుగో నాడు. ఫ్లాష్‌బ్యాక్ మన దర్శకులు కనిపెట్టారనుకుంటే పొరపాటే మరి!

అసలు సీను ఇదీ!

కత్తులకన్నా గొప్ప సీను మూడో నాడుంది. మందపోరు రోజున 'చాపకూడు' పెడతారు. కులం అడక్కుండా అందరూ ఒకే బంతిన కూర్చుని తింటారు. బ్రహ్మనాయుడు ఆ కాలంలోనే మాల కన్నమదాసుకు సేనానిగా పట్టంగట్టాడంటారు. 1182 ప్రాంతంలో జరిగిన ఆ యుద్ధంలో గెలిచినవాళ్ళకు కూడా మిగిలిందేమీ లేదు. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా నిలిచింది ఆ అన్నం ముద్దే!

కానీ ఒక్క మాట. ఆ పూట పక్కపక్కన కూర్చున్నవాళ్ళు, మిగతా ఏడాది సొంత ఊళ్ళో కూడా అలాగే కూర్చుంటున్నారా? ఈ ప్రశ్నకు జవాబు సినిమా చెప్పదు. మనమే చెప్పాలి.

కొండకు ప్రభ, కేశవుడికి తిరునాళ్ళు

కార్తీకం పోయి మహాశివరాత్రి వస్తే జనమంతా నరసరావుపేట పక్కన కోటప్పకొండకే! ఊరూరా చందాలు వేసుకుని కట్టిన ప్రభలు, మేడల్ని మించిన ఎత్తున, రంగురంగుల దీపాలతో కదిలొస్తాయి. 'చేదుకో కోటయ్యా' అన్న కేకతో కొండ మారుమోగుతుంది. మా ఊరి ప్రభ ఎత్తంటే మాదే ఎత్తని కుర్రకారు పంతాలు పోతారు. అభిమాన సంఘాల కటౌట్ల పోటీ గుర్తొస్తోంది కదూ?

చైత్రంలో మాచర్ల చెన్నకేశవస్వామి తిరునాళ్ళు. బ్రహ్మనాయుడు కొలిచిన దేవుడాయనే. ఆపైన వానలు పడతాయి, చంద్రవంక మళ్ళీ పొంగుతుంది, కార్తీకం మళ్ళీ వస్తుంది.

ఈసారి ఎత్తిపోతల వెళితే కార్తీక అమావాస్య చూసుకుని వెళ్ళండి. మూడో నాటికి కారెంపూడి చేరుకుని ఆ బంతిలో కూర్చోండి. పక్కనున్నది ఎవరని మాత్రం అడక్కండేం!