రొయ్యలలో వైరస్ వ్యాప్తి శాతం: సాగు చెరువు, సముద్రం మధ్య పోలిక

1994-95లో ఆంధ్రప్రదేశ్ తీరంలో తెల్లమచ్చల వ్యాధి టైగర్ రొయ్యల సాగును తీవ్రంగా దెబ్బతీసింది. ఆనాడు హేచరీలు సముద్రంలో పట్టిన తల్లి రొయ్యలపైనే ఆధారపడేవి. అందువల్ల వైరస్ సముద్రం నుండి చెరువుకు వచ్చిందా, చెరువు నుండి సముద్రానికి చేరిందా అన్న ప్రశ్న తలెత్తింది. దీనికి సమాధానం వెదికేవారు ముందుగా వ్యాప్తి శాతాన్ని సరిగా చదవడం నేర్చుకోవాలి.

ఒక నిర్ణీత సమయంలో, ఒక సమూహంలో వైరస్ సోకిన జీవుల నిష్పత్తినే వ్యాప్తి శాతం అంటారు. ఇది మరణాల శాతం కాదు. చెరువులో వ్యాధి ప్రబలినప్పుడు 3 నుండి 10 రోజులలో దాదాపు రొయ్యలన్నీ చనిపోవచ్చు. సముద్రంలోనైతే వైరస్ సోకిన రొయ్యలు, పీతలు లక్షణాలు కనబడకుండానే వాహకాలుగా జీవించగలవు. నీరసించిన రొయ్యలు అక్కడ ఇతర జీవులకు ఆహారమై వలకు చిక్కవు. చెరువు నమూనాలు తరచుగా వ్యాధి కనిపించిన తరువాతే ప్రయోగశాలకు చేరతాయి. కనుక ఈ రెండు శాతాలను నేరుగా పోల్చడం తగదు.

నమూనాల సంఖ్య మరింత కీలకమైనది. వైరస్ వ్యాప్తి 10 శాతం ఉన్న పెద్ద సమూహంలో కనీసం ఒక్క రోగగ్రస్త రొయ్యనైనా 95 శాతం నమ్మకంతో గుర్తించడానికి సుమారు 30 రొయ్యలు చాలు. వ్యాప్తి 5 శాతమైతే 60, 2 శాతమైతే 150 అవసరం. కాబట్టి 30 రొయ్యలలో వైరస్ కనబడనంత మాత్రాన ఆ సమూహం వ్యాధిరహితమని నిర్ధారించలేము.

ఖర్చు తగ్గించడానికి ఐదేసి రొయ్యలను కలిపి పీసీఆర్ పరీక్ష చేసినప్పుడు మరొక పొరపాటు జరుగుతుంది. 30 సమూహ నమూనాలలో 3 పాజిటివ్ వస్తే వ్యాప్తి 10 శాతమని రాయడం సరికాదు. లెక్క ప్రకారం అది సుమారు 2 శాతమే.

పరీక్షించే సమయం కూడా ఫలితాన్ని మారుస్తుంది. గుడ్లు పెట్టే ఒత్తిడిలో తల్లి రొయ్య శరీరంలో వైరస్ వృద్ధి చెందుతుంది. అంతకుముందు నెగెటివ్‌గా తేలిన తల్లి ఆ తరువాత పాజిటివ్ కావచ్చు. అందుచేత గుడ్లు పెట్టిన తరువాత చేసే పరీక్షే ఎక్కువ నమ్మదగినది.

2009లో వనామి సాగుకు అనుమతి లభించిన తరువాత నిర్దిష్ట వ్యాధికారకాలు లేని తల్లి రొయ్యలను దిగుమతి చేసుకొని, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం ద్వారా హేచరీలకు అందిస్తున్నారు. దీనితో తల్లి నుండి పిల్లకు వైరస్ సోకే మార్గం ఇరుకైంది. అయితే వ్యాధికారకం లేకపోవడం వేరు, వ్యాధిని తట్టుకొనే శక్తి వేరు. శుద్ధి చేయని కాలువ నీటితోనో, గట్టు దాటి వచ్చిన పీతతోనో వైరస్ ప్రవేశిస్తే ఆ పిల్ల కూడా రోగగ్రస్తమవుతుంది. నీటిని వడగట్టి క్లోరిన్‌తో శుద్ధి చేయడం, పీతల కంచె, పక్షుల వలలు ఏర్పాటు చేయడం నేటికీ అందుకే అవసరం.

విస్తరణ శాస్త్రవేత్తలు ఏ వ్యాప్తి శాతాన్ని ప్రస్తావించినా నమూనాల సంఖ్య, వాటి మూలం, రొయ్య దశ, సేకరించిన కాలం, పరీక్ష విధానం జోడించాలి. ఈ వివరాలు లేని శాతాన్ని ఆధారంగా చేసుకొని రైతుకు పిల్ల ఎంపికపై సలహా ఇస్తే, ఆ పొరపాటు మూల్యం ఒక పంట నష్టం.