పాత గోడకు కొత్త కొలువు

పాత ఇల్లు ఆఫీసుకు పనికిరాదని, కూలగొట్టి స్లాబు వేసుకోవడమే మేలని చాలామంది అంటారు. కాని హైదరాబాదు ఆబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్ చూడండి. సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన ఆ ఇంట్లోనే 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం తొలినాళ్ళలో నడిచింది. కోఠీలోని పాత రెసిడెన్సీ భవనంలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. మనుషులు మసిలే ఇల్లే నిలుస్తుంది. తాళం వేసిన ఇంటికి చెదలే యజమాని!

మరి ఎట్లా మార్చాలి? మా శివ్వంపేట వైపు మరమ్మతు అంటే సిమెంటు పూయడమే. చిక్కంతా అక్కడే ఉంది.

పాత భవంతులు, గడులు డంగు సున్నంతో కట్టినవి. సున్నపురాయిని కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడి సున్నం మిగులుతుంది. దానికి నీళ్ళు కలిపి, ఇసుకతో డంగులో నూరి గోడకు పెడితే, గాలిలోని అదే వాయువును పీల్చుకుంటూ మెల్లగా మళ్ళీ రాయిగా మారుతుంది. అయినా దానిలో సన్నని రంధ్రాలుంటాయి. నేలనుంచి ఎక్కిన తేమ వాటిగుండా బయటికి పోతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమతో వచ్చిన లవణాలు లోపలే గడ్డకట్టి గోడను పొడిపొడి చేస్తాయి. రైతుబిడ్డలకు ఇది కొత్త సంగతి కాదు. నీరు ఆవిరైతే పొలంలో చవుడు తేలుతుంది గదా, గోడలోనూ జరిగేది అదే.

కనుక పూత సున్నంతోనే వేయాలి. కరెంటు తీగలకోసం గోడ చెక్కకుండా పైపుల్లో నడిపించాలి. అడ్డుగోడలు కావాలంటే, రేపు తీసేయగలిగేట్టు చెక్కవి పెట్టుకోవాలి. నీళ్ళగదులు పక్కన వేరే కట్టుకోవాలి. మందపాటి గోడ, నడుమ వాకిలి ఎట్లాగూ ఎండను ఆపుతాయి. ఇక ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడమైతే, అనుమతి లేనిదే సుత్తి ఎత్తరాదు. ఇందుకోసం 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది.

కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను ఇట్లాగే శ్రద్ధగా బాగుచేశారు. 2022లో దానికి యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. మన ఊళ్ళలో కూలుతున్న భవంతుల్లోనూ ఒక పాల సంఘం ఆఫీసో, కంప్యూటర్ కేంద్రమో పెట్టవచ్చు. ఇల్లూ నిలుస్తుంది, చదువుకున్న పిల్లలకు ఊళ్ళోనే పనీ దొరుకుతుంది. కూలినంక ఫోటోలు చూసి బాధపడేకంటే, నిలిచున్నప్పుడే నాలుగు బల్లలు వేయడం మంచిది.