ఉగాది పచ్చడి: వేపపువ్వు ఏ చెట్టునుండి కోయవలెను?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల రైతుల ఇండ్లలో ఉగాదినాడు మొదట నోట పడునది పచ్చడి. బక్షాలైనను, పులిహోరయైనను దాని తరువాతనే. మన వైపు చాలా ఇండ్లలో దీనిని ముద్దగా గాక పలుచగా, గ్లాసులో పోసికొని త్రాగునట్లు చేయుదురు. పొయ్యి వెలిగించు పని లేదు. అన్నీ సిద్ధముగా ఉన్నచో అరగంటలో పూర్తి యగును. ఇంత సులువైన పచ్చడిని గూర్చి వ్యవసాయ పత్రికలో వ్రాయవలసినది ఏమున్నదని మీరు అడుగవచ్చును. ఉన్నది. ఇందులో పడు వేపపువ్వు, మామిడికాయ, మిరపకాయ ఉడకకుండ, వేగకుండ నేరుగా మన కడుపులోనికి పోవును. ఆ చెట్టు ఎక్కడ ఉన్నది, దాని ప్రక్క మడిలో మొన్న ఏమి పిచికారి చేసినారు అన్న సంగతి అమ్మువానికి తెలియదు. రైతులైన మీకే తెలియును.

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967 ఆగస్టులో నీరు వదలిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు పొలములు క్రమముగా వరి మాగాణులైనవి. సూర్యాపేట వైపు కొన్ని గ్రామములకు మూసీ కాలువ నీరు కలదు. నీరున్న యేట యాసంగి వరి మార్చి నెలలో పొట్టమీదనో, ఈనిక మీదనో ఉండును. కాండము తొలుచు పురుగుకు, మెడవిరుపు తెగులుకు, సుడిదోమకు మందు కొట్టు రోజులవే. వేప పూయు రోజులును అవే. పవర్ స్ప్రేయరుతో గాని డ్రోనుతో గాని కొట్టునప్పుడు సన్నని తుంపర గాలివాటమున గట్టు దాటి చెట్టుకొమ్మలకు తగులును. కావున వరిమడి గట్టుమీది చెట్టు ఎంత నిండుగా పూసినను పచ్చడికి దాని పువ్వు కోయరాదు. కడిగినచో పోవును గదా యని కొందరందురు. వేపపువ్వు మెత్తనిది, నడుమ సన్నని గొట్టమువంటి భాగముండును. అందులో చేరినది నీళ్ళలో ఒకసారి ముంచినంతనే పోదు. గట్టిగా కడిగినచో పువ్వే నలిగిపోవును.

ఇంటి పెరటిలోనిదో, గుడి ఆవరణలోనిదో, తుంపర చేరనంత దూరమున మెట్టచేను నడుమ నున్నదో, అట్టి చెట్టును పండుగకు పది రోజుల ముందే చూచి పెట్టుకొనుడు. హైదరాబాదు నుండి విజయవాడ పోవు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగానే పోవును. ఆ రోడ్డు ప్రక్క చెట్లపై దుమ్ము, పొగ పేరుకొని యుండును. మిర్యాలగూడలో రైసుమిల్లుల దాపున నున్న చెట్లపై ఊక బూడిద పడుచుండును. ఇవియు పనికిరావు.

వేపచెట్టును గూర్చి మరియొక మాట. 2021లో తెలంగాణమంతట వేపచెట్లు కొమ్మల కొనలనుండి మాడి ఎండిపోవుట మీరందరు చూచినదే. ఫోమాప్సిస్ అను శిలీంధ్రము వలన వచ్చు కొమ్మ ఎండు తెగులది. టీదోమ రసము పీల్చుట వలన హాని మరింత పెరిగినది. చాలా చెట్లు మరల చిగిర్చినవి గాని, తెగులు తగిలిన కొమ్మకు పూత సరిగా నిలువదు. అట్టి చెట్టుకు మందు కొట్టియున్నను, మొదట పోసియున్నను ఆ యేడు దాని పువ్వు వంటకు వాడకుడు. ఎండిన కొమ్మలు లేని చెట్టునుండియే కోయుడు.

పువ్వు దొరకుట, దొరకకపోవుట పండుగ తేదీనిబట్టి కూడ ఉండును. చాంద్రమాన సంవత్సరము సుమారు 354 దినములు. అందుచేత ఉగాది ఏటేట పది పదకొండు రోజులు ముందుకు జరిగి, అధికమాసము వచ్చిన తరువాత మరల వెనుకకు పోవును. 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. ఏప్రిల్‌లో వచ్చిన యేట పూతకు కొదువ లేదు, మామిడికాయకు టెంక గూడ ముదురును. మార్చి నడుమ వచ్చిన యేట కొన్ని చెట్లు మొగ్గమీదనే యుండును, మామిడి పిందె దాటి కొంచెము పెరిగి యుండును. అట్టి యేటికి ముందటి సంవత్సరము ఎండబెట్టి దాచిన పువ్వే అక్కరకు వచ్చును. అదియు లేనిచో లేత వేపచిగురు నాలుగైదు ఆకులు సన్నగా తరిగి వేయవచ్చును. చేదు కొరకని వేపనూనె చుక్క మాత్రము ఎన్నటికి వేయకుడు. అది చిన్నపిల్లలకు ప్రాణాపాయము. పురుగుమందుల దుకాణములో అమ్ము వేప మందులు తినుటకు చేసినవి కావు.

పువ్వు కోయు పద్ధతి సులువు. తెల్లవారుజామున చెట్టుక్రింద శుభ్రమైన ధోవతి పరచి కొమ్మను మెల్లగా కదపినచో విచ్చిన పువ్వులు రాలును. నేలమీద రాలినవి ఏరకుడు. చేటలో పోసి, కాడలు, చీమలు, ఆకుముక్కలు తీసివేసి, ఒక్కసారి నీటిలో జాడించి పొడిగుడ్డపై ఆరబెట్టుడు.

మామిడికి నాటు పుల్లకాయ మేలు. తోటలో కాయించినదైనచో మందు ఎప్పుడు కొట్టినారో అడుగుడు, కోతకు ముందు ఆగవలసిన గడువు సీసాపైననే వ్రాసియుండును. కాయను తొడిమతో కోసి, తొడిమ విరిచి సొన కారనిచ్చి, గంటసేపు నీళ్ళలో వేసి యుంచుడు. సొన మిగిలినచో పెదవులు, నోరు మండును. బజారున కొన్న కాయకు తొక్కు తీయుట మంచిది.

చింతపండు కొత్తది కావలెను. మాఘ ఫాల్గుణములలో దులిపిన పండు ఎరుపు తిరిగిన గోధుమరంగున నుండి, పులుపులో కొంత తీపి కలిగియుండును. పాతది నల్లబడి, పచ్చడికంతటికి ఆ నలుపే వచ్చును. వరి గట్ల విస్తరణలో చింతచెట్లు పోయిన ఊళ్ళవారు దీనిని కొనుక్కొనుచున్నారు. చెరువుకట్టపై నాలుగు చింతలు నిలిపికొన్న ఊరు అదృష్టము గలది.

బెల్లము మనలో చాలామంది కొనవలసినదే. బంగారు రంగున మెరయుదానిని చూచి మోసపోవలదు. రంగు తేలిక చేయుటకు హైడ్రోస్ వంటి రసాయనములు వాడుదురు. ముదురు గోధుమరంగుది, విరిచిన లోపల పలుకుగా నున్నది తీసికొనుడు. ఏ బెల్లమైనను నీటిలో కరగించి వడకట్టకుండ వాడరాదు. అడుగున ఇసుక, చెరకుపిప్పి, ఒక్కొక్కప్పుడు తెల్లని సుద్ద కనబడును.

పదిమందికి కావలసిన పాళ్ళు చెప్పెదము. కొత్త చింతపండు 100 గ్రాములు, బెల్లము 300 గ్రాములు, నడితరపు మామిడికాయ ఒకటి, వేపపువ్వు రెండు చెంచాలు, ఉప్పు అర చెంచా, సన్నగా తరిగిన పచ్చిమిరపకాయ ఒకటి లేక చిటికెడు మిరియాలపొడి, నీరు లీటరుంబావు. చింతపండును అర లీటరు నీటిలో అరగంట నానబెట్టి పిసికి, పిప్పి, గింజ, నారు లేకుండ వడకట్టుడు. మిగిలిన నీటిలో బెల్లము కరగించి పలుచని బట్టతో వడకట్టి రెండును కలుపుడు. ఇప్పుడు రుచి చూచి పులుపు, తీపి సరిచేయవలెను, తరువాత సరిచేయుట కష్టము. ఉప్పు, మిరప వేసి, మామిడికాయను సన్నని ముక్కలుగా తరిగి కలుపుడు. పుట్నాలపప్పు, కొబ్బరిముక్క, అరటిపండు కొందరు వేయుదురు. అరటిపండు ముందుగా వేసినచో నల్లబడి జావగారును, కావున వడ్డించునప్పుడే వేయుడు.

వేపపువ్వు అన్నిటికంటె చివర, త్రాగుటకు పావుగంట ముందు చల్లవలెను. ముందే వేసి మూతపెట్టినచో చేదంతయు రసములోనికి దిగి పిల్లలు ఒక గుక్కకే గ్లాసు దించివేయుదురు. బత్తాయి తోటలున్న ఇండ్లవారు తొనలు వేయ దలచినచో అదియు చివరి క్షణముననే. బత్తాయి రసము కొంతసేపు నిలువయున్నచో దానంతట అదే చేదెక్కును. ఆ చేదు వేపచేదువలె హితముగా నుండదు.

కొత్త కుండ శ్రేష్ఠము. ముందునాటి సాయంత్రమే నీరు నింపి యుంచినచో మట్టివాసన పోవును, రసమును పీల్చుకొనదు. రంగులు పూసిన కుండ వలదు. స్టీలు గిన్నెయైనను సరియే. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో మాత్రము ఎన్నడును కలుపరాదు. చింతపులుపుకు రాగి కరగి చిలుమెక్కి, త్రాగినవారికి కడుపునొప్పి, వాంతులు కలుగును. అల్యూమినియము గూడ పులుపుకు ఓర్వదు. నీరు త్రాగునదియే వాడుడు. ఉడకని పచ్చడి గనుక నీటిని కాచి చల్లార్చుట మేలు. అయితే ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు గల బోరునీటిని ఎంత కాచినను ఫ్లోరైడు పోదు. అట్టి ఊళ్ళలో భగీరథ నీరే వాడుడు.

ఇది నిలువ పచ్చడి కాదు. ఆవకాయను ఉప్పు, నూనె కాపాడును. పండ్ల జాములో మూడింట రెండు వంతులు చక్కెర యుండుటచే చెడదు. మన పచ్చడిలో ఉప్పు నామమాత్రము, బెల్లము ఆరవ వంతుకు మించదు. ఆ ఎండలలో సాయంత్రమునకే బుడగలు లేచి కల్లువాసన వేయును. పొద్దున చేసినది మధ్యాహ్నము లోపల ముగించుడు. ఫ్రిజ్జు ఉన్నచో మరునాటి పొద్దువరకు, అదియు పువ్వు, అరటిపండు వేయని రసమును మాత్రమే ఉంచుడు. పొలములో కూలికి వచ్చినవారికి పంపదలచినచో రసము వేరుగ, పువ్వు పొట్లము వేరుగ పంపి అక్కడ కలుపుకొనమని చెప్పుడు.

మిగిలిన వేపపువ్వును పారవేయకుడు. నీడలో నాలుగైదు రోజులు, చేతితో నలిపిన గలగలలాడు వరకు ఆరబెట్టి, తడిలేని సీసాలో బిగించి, పైన సంవత్సరము, ఏ చెట్టునుండి కోసినది వ్రాసిన చీటీ అంటించుడు. నేతిలో వేయించి వేపపువ్వు చారు పెట్టుకొనవచ్చును. రెండు చెంచాలు మాత్రము తీయకుండ, ఉగాది మార్చి నడుమ వచ్చు యేటికి ఉంచుడు.