అమెరికా వర్సిటీల్లో తర్వాత చేరాల్సిన ఆట ఏది?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆటలు రెండు తరహాల్లో సాగుతాయి. క్లబ్ జట్టులో విద్యార్థులే చందాలు వేసుకుని, మైదానం ఖాళీగా ఉన్న వేళ చూసుకుని, సొంత కార్లలో పక్క ఊరికి వెళ్లి ఆడి వస్తారు. వర్సిటీ జట్టు సంగతి వేరు. అది విశ్వవిద్యాలయం పేరు మీద ఆడే అధికారిక జట్టు. కోచ్ జీతం, ప్రయాణం, వైద్యం, చాలాచోట్ల స్కాలర్‌షిప్పులు కూడా సంస్థే భరిస్తుంది. ఈ జట్లలో ఎక్కువ భాగం ఎన్‌సీఏఏ అనే జాతీయ సంఘం కింద ఆడతాయి. పై స్థాయి అయిన మొదటి డివిజన్‌లో ఉండాలంటే కనీసం 14 ఆటల జట్లు నడపాలి. అందులోనూ అమెరికన్ ఫుట్‌బాల్‌ను అగ్రశ్రేణిలో ఆడే సంస్థలకు 16 తప్పనిసరి. ఆ పైన ఏ ఆటను చేర్చుకోవాలన్నది ఆయా సంస్థల ఇష్టం.

ఆ నిర్ణయానికి మొదటి మాట జనాదరణది కాదు, చట్టానిది. 1972లో వచ్చిన టైటిల్ నైన్ ప్రకారం ఫెడరల్ ప్రభుత్వ సొమ్ము అందుకునే విద్యాసంస్థ ఆడ, మగ తేడా చూపకూడదు. క్రీడలకు ఇది ఎలా వర్తిస్తుందో 1979లో ప్రభుత్వం వివరించింది. సంస్థ ముందు మూడు దారులున్నాయి, ఏదో ఒకటి పాటిస్తే చాలు. విద్యార్థుల్లో అమ్మాయిలు ఎంత శాతమో క్రీడాకారుల్లోనూ దాదాపు అంతే ఉండడం మొదటిది. అమ్మాయిలకు అవకాశాలు ఏళ్ల తరబడి పెంచుకుంటూ రావడం రెండోది. ఆసక్తి, సత్తా ఉన్న అమ్మాయిలందరికీ ఇప్పటికే అవకాశం ఉందని చూపించడం మూడోది. మొదటి దారిలో లెక్క సూటిగా ఉంటుంది, వాదనకు తావు తక్కువ. చిక్కంతా ఫుట్‌బాల్‌తోనే. ఆ ఒక్క జట్టులోనే వందమందికి పైగా అబ్బాయిలుంటారు, దానికి సరితూగే జట్టు అమ్మాయిల ఆటల్లో లేదు. పైగా ఇప్పుడు చాలా క్యాంపస్‌లలో అమ్మాయిల సంఖ్యే ఎక్కువ. అందుకే తర్వాతి ఆట ఏదన్న ప్రశ్నకు చాలా సందర్భాల్లో అమ్మాయిల ఆటే జవాబవుతుంది.

1990ల్లో ఈ లోటు పూడ్చడానికి ఎక్కువమంది ఎంచుకున్నది రోయింగ్, అంటే పడవ పందెం. పెద్ద పడవలో తెడ్లు వేసేవాళ్లు ఎనిమిది మంది, దిశ చూసి నడిపించేవాళ్లు ఒకరు. అలాంటి పడవలు ఎన్ని పెట్టుకుంటే జట్టు అంత పెద్దదవుతుంది. ఎన్నడూ తెడ్డు ముట్టని పొడగరి అమ్మాయిలను మొదటి ఏడాదిలోనే పిలిచి నేర్పించడం అక్కడ మామూలే. వారిలో మేటి క్రీడాకారిణులైనవాళ్లూ ఉన్నారు. అయినా హైస్కూల్లో ఏళ్లపాటు ఒక ఆట ఆడి, కాలేజీకి వచ్చేసరికి ఆ ఆటే లేక ఆగిపోయిన అమ్మాయికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. కొత్త ఆటను ఎంచుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఆమెనే.

అలా చూస్తే ఇంతవరకూ పురుషుల జట్టు మాత్రమే ఉన్న ఆటల్లో ముందు చేర్చదగినది మహిళల కుస్తీ. అయోవా విశ్వవిద్యాలయం అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ. పురుషుల కుస్తీకి అమెరికాలో అయోవాను మించిన పేరున్న కాలేజీలు తక్కువ. 2020 ఆగస్టులో, కొవిడ్ నష్టాల మధ్య, ఆ విశ్వవిద్యాలయం పురుషుల జిమ్నాస్టిక్స్, టెన్నిస్‌తో పాటు స్త్రీ, పురుషుల ఈత జట్లను కూడా రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. ఈత జట్టులోని అమ్మాయిలు టైటిల్ నైన్ కింద కోర్టుకెక్కారు. 2021 ఫిబ్రవరికల్లా వాళ్ల జట్టు తిరిగి వచ్చింది. అదే ఏడాది విశ్వవిద్యాలయం మహిళల కుస్తీ జట్టును ప్రకటించింది. ఫుట్‌బాల్‌లో అప్పట్లో దిగ్గజాలనిపించుకున్న అయిదు పెద్ద కాన్ఫరెన్సుల్లో ఈ పని చేసిన తొలి సంస్థ అదే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన క్లారిసా చన్‌ను కోచ్‌గా తెచ్చుకున్నారు. 2023-24లో పూర్తి స్థాయిలో బరిలోకి దిగిన జట్టు ఆ తొలి సీజన్‌లోనే జాతీయ టైటిల్ గెలిచింది.

ఇది అదృష్టం కొద్దీ జరిగింది కాదు. అయోవా హైస్కూళ్లలో అమ్మాయిల కుస్తీకి 2022-23 నుంచే అధికారిక గుర్తింపు ఉంది. నలభైకి పైగా రాష్ట్రాలు ఇప్పుడు అదే బాటలో ఉన్నాయి. అంటే ఆడేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. పురుషుల జట్టు ఉన్నచోట కుస్తీ మ్యాట్లు, ఆ ఆట తెలిసిన ఫిజియోలు, ప్రేక్షకులు కూడా ముందే ఉంటారు. కాలేజీ అమ్మాయిలు ఆడేది ఒలింపిక్స్‌లో ఉన్న ఫ్రీస్టైల్ పద్ధతే, పది బరువు విభాగాలు. జాతీయ స్థాయిలో దారి కూడా తెరుచుకుంది. 2025 జనవరిలో ఎన్‌సీఏఏ మహిళల కుస్తీని తన 91వ ఛాంపియన్‌షిప్‌గా ఆమోదించింది.

ఆ హోదా రావడానికి ఒక మెట్ల వరుస ఉంది. 1994లో ఎన్‌సీఏఏ అమ్మాయిల కోసం వర్ధమాన క్రీడల జాబితా మొదలుపెట్టింది. కనీసం 20 జట్లు పోటీపడుతూ, పది సంస్థలు రాతపూర్వకంగా ముందుకొస్తే ఆ జాబితాలో చోటు దక్కుతుంది. వర్సిటీ జట్లు 40కి చేరితే ఛాంపియన్‌షిప్ అడగవచ్చు, అందుకు పదేళ్ల గడువు. రోయింగ్, ఐస్ హాకీ, వాటర్‌పోలో, బౌలింగ్, బీచ్ వాలీబాల్ ఆ దారినే పైకొచ్చాయి. తొలి జాబితాలోనే ఉన్న బ్యాడ్మింటన్ మాత్రం కాలేజీలు ముందుకు రాక బయటికి వెళ్లిపోయింది. హైదరాబాద్ అకాడమీల గురించి తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది బాధ కలిగించే సంగతే.

ఇక్కడ నేర్చుకోవాల్సింది ప్రత్యర్థుల గురించి. జట్టు ఉంటే సరిపోదు, నాలుగైదు గంటల బస్సు ప్రయాణంలో ఆడేందుకు మరికొన్ని జట్లుండాలి. లేకపోతే ప్రతి పోటీకీ విమానం ఎక్కాలి, తరగతులు పోతాయి, ఖర్చు జట్టును మింగేస్తుంది. ఈ పరీక్షలో ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కు మంచి మార్కులే పడతాయి. ఇందులో ప్రత్యర్థిని ఢీకొట్టి పడేయడం ఉండదు, నడుముకు కట్టిన గుడ్డ పట్టీ లాగితే చాలు. ఉన్న మైదానంలోనే గీతలు గీసి ఆడుకోవచ్చు. చిన్న కాలేజీల సంఘమైన ఎన్‌ఏఐఏలో 2021 నుంచే ఆడుతున్నారు, 2028 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లోనూ ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాలకు కుస్తీ కంటే ఇదే మేలు కావచ్చు.

ఐస్ హాకీ లాంటి ఖరీదైన ఆటల లెక్క వేరు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా క్లబ్ జట్టే ఉండేది. 2010లో టెర్రీ పెగులా దంపతులు ఇచ్చిన 8 కోట్ల 80 లక్షల డాలర్లతో మంచు స్టేడియం, స్కాలర్‌షిప్పులు సమకూరాయి. 2012-13లో పురుషుల, మహిళల జట్లు రెండూ ఒకేసారి మొదటి డివిజన్‌లో అడుగుపెట్టాయి. 2025లో పురుషుల జట్టు జాతీయ సెమీఫైనల్ దాకా వెళ్లింది. అలాంటి దాత లేనిచోట ఐస్ హాకీ మాట ఎత్తకపోవడమే మంచిది.

డబ్బు విషయం ఇప్పుడు మరింత బిగుసుకుంది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన, క్రీడాకారుల ‘హౌస్’ దావా ఒప్పందంతో విశ్వవిద్యాలయాలు తొలి ఏడాది దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా క్రీడాకారులకు చెల్లించవచ్చు. అందులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకే వెళుతుంది. మిగతా ఆటలకు మిగిలేది తగ్గుతుంది. చేర్చిన ఆటను మధ్యలో వదిలేస్తే దెబ్బతినేది పద్దెనిమిదేళ్ల పిల్లలు. 36 వర్సిటీ ఆటలున్న స్టాన్‌ఫర్డ్ 2020లో 11 ఆటలు ఎత్తేస్తామంది. వాటిలో కుస్తీ ఒకటి. 2021 మార్చిలో ఆ జట్టు కుర్రాడు షేన్ గ్రిఫిత్ జాతీయ ఛాంపియన్ అయినప్పుడు ఒంటిమీద విశ్వవిద్యాలయం పేరు లేని నల్ల దుస్తులున్నాయి. రెండు నెలల తర్వాత స్టాన్‌ఫర్డ్ ఆ 11 ఆటలనూ నిలబెట్టింది. కనీసం పదేళ్ల ఖర్చు చేతిలో లేకుండా కొత్త జట్టు ప్రకటించడం పిల్లల పట్ల అన్యాయం.

మరి క్రికెట్? పెన్సిల్వేనియాలోని హేవర్‌ఫర్డ్ కాలేజీ 1864లోనే మరో కాలేజీతో క్రికెట్ ఆడింది, నేటికీ అక్కడ వర్సిటీ జట్టు ఉంది. మిగతాచోట్ల క్రికెట్ క్లబ్బులకే పరిమితం. 2023-24లో అమెరికాలో చదివిన భారత విద్యార్థులు 3 లక్షల 31 వేల పైమాటే, వారిలో తెలుగువారు చాలామంది. క్లబ్ జట్లు వీరితోనే నిండుతాయి కాబట్టి వర్సిటీ జట్టు తేలికే అనిపిస్తుంది. కానీ మొదటి డివిజన్‌లో ఆటగాడి అర్హత అయిదేళ్లే, ఆ గడియారం ప్రపంచంలో ఏ కాలేజీలో పూర్తికాలం చేరినా మొదలవుతుంది. భారత్‌లో నాలుగేళ్ల బీటెక్ చదివి ఎంఎస్‌కు వెళ్లినవారికి మిగిలేది మహా అయితే ఒక్క ఏడాది. కాబట్టి క్రికెట్ నిలబడాలంటే అమెరికాలోనే పుట్టి పెరిగి హైస్కూల్ నుంచి వచ్చేవాళ్లతో నిలబడాలి. 2023 మహిళల అండర్-19 ప్రపంచకప్‌లో అమెరికాకు గీతిక కొడాలి కెప్టెన్. ఆ జట్టులో భద్రిరాజు, ముళ్లపూడి వంటి తెలుగు ఇంటిపేర్లు కనిపించాయి. 2028 ఒలింపిక్స్‌లో మహిళల క్రికెట్ కూడా ఉంటుంది. వర్సిటీ ఆటగా క్రికెట్‌కు దారి ఉందంటే అది అమ్మాయిల క్రికెట్‌తోనే. ముందుగా కావాల్సినవి పోటీపడే 20 జట్లు, పది విశ్వవిద్యాలయాల నుంచి సంతకం చేసిన లేఖలు.