అది అన్నయ్య మాట కాదు, జబ్బు మాట

మాది అరసవల్లి. ఆదివారమైతే సూర్యనారాయణ స్వామి గుడి దగ్గర ఆరోగ్యం కోసం మొక్కుకునేవాళ్లతో రోడ్డు నిండిపోతుంది. ఆ గుడికి నాలుగడుగుల దూరంలో మా అన్నయ్య రెండు నెలలు గదిలోంచి బయటకు రాలేదు.

"అందర్నీ అప్పులపాలు చేసేశాను. పోలీసులొస్తారు. నువ్వు పుట్టింటికెళ్లిపో" అనేవాడు వదినతో. నిజానికి రూపాయి అప్పు లేదు. పాస్‌బుక్ చూపించినా నమ్మలేదు. తనను వదిలించుకోవడానికే అంటున్నాడని వదిన ఏడ్చేది. నేనేమో హైదరాబాద్ నుంచి ఫోన్లో లెక్కలు చెప్పి వాదించేవాణ్ని.

దీన్ని సైకోటిక్ డిప్రెషన్ అంటారని తర్వాత తెలిసింది. తీవ్రమైన కుంగుబాటులో చేయని తప్పులు, లేని ప్రమాదాలు నిజమనిపిస్తాయి. కొందరికి ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపిస్తాయి. వాదిస్తే ఆ నమ్మకం పోదు. అలాగని అవునని తలూపకూడదు. "నీకు భయంగా ఉందని తెలుసు. నేనున్నాను, డాక్టర్ దగ్గరకెళ్దాం" అంటే చాలు.

డాక్టర్లు సాధారణంగా డిప్రెషన్ మందుతో పాటు యాంటీసైకోటిక్ ఇస్తారు. అవసరమైతే మత్తిచ్చి కరెంటు చికిత్స చేస్తారు, సినిమాల్లో చూపించేలా కాదు. మందులు సొంతంగా ఆపకూడదు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఏం చేయాలో తోచకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చావు మాటెత్తితే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

కొన్ని వారాలకు అన్నయ్య తేరుకున్నాడు. "అన్ని మాటలన్నాను, కోపంగా ఉందా?" అని వదినని అడిగాడు.

"ముందు మాత్ర వేసుకోండి" అంది వదిన.