వంటా? వంటలా?

చివర "లు" తగిలిస్తే ఏకవచనం బహువచనం అవుతుందని చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్నాం. వెబ్‌సైటుకి పేరు కొనాల్సి వచ్చినప్పుడు ఆ "లు" గురించి మా ఇంట్లో వారం రోజులు చర్చ జరిగింది.

అమ్మ నెల్లూరు నుంచి ఫోన్లో చెప్పే వంటలు డల్లాస్‌లో నేను, దుబాయిలో అక్క ఎవరికి వాళ్ళం కాగితాల మీద రాసుకుంటూ వచ్చాం. అమ్మకి డెబ్బై దాటాయి. ఇప్పుడైనా అవన్నీ ఒకచోట పెట్టాలి. పొట్టి పేర్లు దొరకవు కాబట్టి ముందు ఇంటిపేరు ఎలాగూ చేరుస్తాం. ఆ తర్వాత వంట అనాలా, వంటలు అనాలా?

కంప్యూటరుకి ఇవి ఒకే మాటకి రెండు రూపాలు కావు, రెండు వేర్వేరు చిరునామాలు. మీరు ఒకటి కొంటే రెండోది ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. డాట్ కామ్ లాంటి ఎక్స్‌టెన్షన్లలోనూ ఇదే తంతు. 2012లో కొత్తవాటికి దరఖాస్తులు పిలిచినప్పుడు ఐకాన్ సంస్థ డాట్ ఫొటో, డాట్ ఫొటోస్ రెండింటినీ రానిచ్చింది. జనం తికమక పడతారని తర్వాతి విడతకి ఒకే భాషలో ఒకే మాట ఏకవచనం, బహువచనం రెండూ కుదరవని నిర్ణయించారు. ఆ నిబంధన ఎక్స్‌టెన్షన్లకే. వాటి ముందుండే మన పేర్లకి కాదు.

తెలుగువాళ్ళకి ఇంకో చిక్కు. "పుస్తకం" కాస్తా "పుస్తకాలు" అయ్యేసరికి ఆ దీర్ఘానికి ఒక 'ఏ' పెట్టాలా, రెండా? ఇల్లు, ఇళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకేలా ఉంటాయి. తెలుగు లిపిలోనే డాట్ భారత్ పేరు తీసుకోవచ్చు గానీ, మా పిల్లలకి తెలుగు టైపింగు రాదు.

చివరికి అర్థమే దారి చూపింది. వంటలు అంటే జాబితా: పులుసు, పచ్చడి, వేపుడు. వంట అంటే పని. కథాసాహితి వాళ్ళు 1990 నుంచి తెచ్చిన వార్షిక సంకలనాల్లో బోలెడు కథలు, పేరు మాత్రం "కథ".

అమ్మ కొలతలు చెప్పదు. "మెంతులు ఎర్రబడగానే దించెయ్, వాసన నీకే తెలుస్తుంది" అంటుంది. అది జాబితాకి అందేది కాదు. అందుకే వంట అని పెట్టాం. వంటలు కూడా కొని, అలా కొట్టినా ఇక్కడికే వచ్చేలా మళ్ళించాం. ఏటా రెండు బిల్లులు, అక్కా నేనూ చెరి సగం.

మీరూ పేరు వెతుకుతుంటే, దాన్ని ఫోన్లో ఇంట్లో పెద్దవాళ్ళకి ఒక్కసారి చెప్పి టైపు చెయ్యమనండి. వాళ్ళు ఏం కొడితే అది ముందు కొనండి.